విచ్‌క్రాఫ్ట్, విక్కా పుస్తకాల్లో చదవదగినవి ఏవి?

విశాఖపట్నంలో ఆంగ్ల పుస్తకాలు అమ్మే దుకాణాల్లో ఆధ్యాత్మికం, వ్యక్తిత్వ వికాసం అరల మధ్య ఈమధ్య ఒక కొత్త వరుస చేరింది. టారో కార్డుల పెట్టెలు, స్ఫటికాల మీద బొమ్మల పుస్తకాలు, వాటి పక్కనే మెరిసే అక్షరాలతో ‘విచ్‌క్రాఫ్ట్’ అనో ‘విక్కా’ అనో పేరున్న పుస్తకాలు అక్కడ కనిపిస్తాయి. వెబ్‌సిరీస్‌లు, రీళ్ళు చూసి ఆసక్తి పుట్టిన యువతీయువకులు వాటిని తిరగేస్తారు, ఇంట్లో పెద్దవాళ్ళు చూసి చేతబడి పుస్తకమేమోనని కంగారుపడతారు. ఈ కుతూహలానికీ ఆ కంగారుకూ మూలం ఒకటే. ఒకదానితో ఒకటి సంబంధం లేని నాలుగు రకాల పుస్తకాలు ఒకే పేరు పెట్టుకుని ఒకే అరలో కూర్చున్నాయి.

మొదటి రకం, 20వ శతాబ్దం మధ్యలో ఇంగ్లండులో పుట్టిన విక్కా అనే మతాన్ని ఆచరించేవారు రాసినవి. రెండో రకం, 15 నుంచి 18వ శతాబ్దం దాకా ఐరోపాలో మంత్రగత్తెలన్న నెపంతో జరిగిన విచారణలనూ మరణశిక్షలనూ పరిశోధించిన చరిత్ర గ్రంథాలు. మూడోది మానవశాస్త్రం: చెడు చేసే శక్తి ఇరుగుపొరుగులో ఎవరికో ఉందన్న నమ్మకం ఒక సమాజంలో ఎలా పనిచేస్తుందో దగ్గరుండి చూసి రాసిన పుస్తకాలు. ఇక నాలుగోది, ప్రేమ ఫలించడానికీ డబ్బు రావడానికీ శత్రువు అణగడానికీ చిట్కాలు అమ్మే పుస్తకాలు. తనకు కావలసింది వీటిలో ఏ రకమో తేల్చుకోకుండా కొన్న పాఠకుడికి, పుస్తకం ఎంత మంచిదైనా చేతికి వచ్చేది తాను కోరనిదే అవుతుంది. పైగా తెలుగువారికి ఈ విషయంపై ముందే ఒక అభిప్రాయం స్థిరపడి ఉంది. యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ తరవాత వారపత్రికలను ముంచెత్తిన క్షుద్ర నవలలు దానికి ఒక రూపం ఇచ్చాయి. తెలంగాణలో బాణామతి గురించి, మన్యంలో చిల్లంగి గురించి పత్రికల్లో వచ్చే వార్తలు ఇంకొక రూపం ఇచ్చాయి. ఈ రెండు రూపాల్లో ఏదీ విక్కాకు సరిపోదు, అందువల్ల ముందు విక్కా అంటే ఏమిటో చూడాలి.

దాని వ్యవస్థాపకుడిగా చెప్పదగిన వ్యక్తి జెరాల్డ్ గార్డ్‌నర్ (1884–1964). ఇంగ్లండులో పుట్టి, యౌవనంలోనే సిలోను తేయాకు తోటలకు వచ్చి, ఆ తరవాత బోర్నియోలో, మలయాలో జీవితంలో పెద్దభాగం గడిపాడు. మలయాలో సుంకాల శాఖ అధికారిగా పనిచేసి, అక్కడి కత్తుల మీద ఒక పుస్తకం రాసి, 1936లో పదవీ విరమణ చేసి ఇంగ్లండు చేరాడు. దక్షిణ ఇంగ్లండులోని న్యూ ఫారెస్ట్ ప్రాంతంలో ప్రాచీన కాలం నుంచి రహస్యంగా కొనసాగుతున్న ఒక మంత్రగత్తెల బృందం 1939లో తనకు దీక్ష ఇచ్చిందని ఆయన చెప్పుకున్నాడు. 1949లో ఆ విషయాలను కలం పేరుతో నవలగా రాశాడు. మంత్రశక్తులు ఉన్నాయని నటించేవారిని శిక్షించే 1735 నాటి చట్టాన్ని 1951లో బ్రిటిష్ పార్లమెంటు రద్దు చేశాక, 1954లో ‘విచ్‌క్రాఫ్ట్ టుడే’ అనే పుస్తకాన్ని సొంత పేరుతో ప్రచురించాడు. ఒక దేవి, కొమ్ములున్న ఒక దేవుడు, సంవత్సరంలో ఎనిమిది పండుగలు, పున్నమి రాత్రుల్లో వలయంలో నిలబడి చేసే పూజ, అంచెలంచెలుగా మూడు దీక్షలు, ఎవరికివారు చేతిరాతతో నకలు చేసుకునే పూజావిధానాల పుస్తకం, ఇదీ స్థూలంగా ఆ మతం. క్రైస్తవుల సైతానుకు ఇందులో చోటు లేదు. 2021 జనగణనలో ఇంగ్లండు, వేల్స్‌లలో సుమారు 13,000 మంది తమ మతం విక్కా అనీ, సుమారు 74,000 మంది పేగన్ (క్రైస్తవానికి పూర్వపు దేవతారాధనను అనుసరించేవారు) అనీ రాయించుకున్నారు. అమెరికాలో 1986లో ఒక ఫెడరల్ అప్పీలు న్యాయస్థానం దీన్ని మతంగా గుర్తించింది.

గార్డ్‌నర్ పుస్తకానికి ముందుమాట రాసింది ఈజిప్టు పురావస్తు పండితురాలు మార్గరెట్ మర్రే. ఆమె 1863లో కలకత్తాలో పుట్టింది. 1921లో వెలువరించిన ఒక గ్రంథంలో ఆమె ఒక పెద్ద ప్రతిపాదన చేసింది. ఐరోపాలో మంత్రగత్తెలుగా శిక్ష పడినవారు నిజానికి క్రైస్తవానికి పూర్వపు సంతానదేవతా మతాన్ని రహస్యంగా కాపాడుకుంటూ వచ్చిన భక్తులని దాని సారాంశం. 1929 నుంచి దశాబ్దాల పాటు ‘ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికా’లో ఈ విషయం మీద ఉన్న వ్యాసం కూడా ఆమెదే కావడంతో, తక్కిన పండితులు చాలామంది ఒప్పుకోని ఆ ఊహ సామాన్య పాఠకులకు స్థిరపడిన సత్యంలా చేరింది. గార్డ్‌నర్ తన బృందాన్ని ఆ మతానికి వారసురాలిగా చూపించాడు. 1975లో చరిత్రకారుడు నార్మన్ కోన్ మర్రే ఉటంకించిన విచారణ పత్రాలను మూలాలతో పోల్చి చూసినప్పుడు, గాలిలో ఎగరడం, జంతువులుగా మారడం వంటి అసంభవమైన భాగాలను ఆమె వదిలేసి, మిగిలినదాన్ని నిజంగా జరిగిన సమావేశాల వర్ణనగా చూపిందని బయటపడింది. చిత్రహింసలకు లోనైన మనిషి చెప్పిన మాటల్లో నమ్మశక్యం కానివి తీసేస్తే మిగిలేది చరిత్ర కాదని ఆయన వాదం. ఆ తరవాత ఆ ప్రతిపాదన కోలుకోలేదు.

ఇప్పటికీ ఈ విషయంలో మొదట చేతికి తీసుకోవలసిన చరిత్ర గ్రంథం రోనాల్డ్ హటన్ 1999లో ప్రచురించిన ‘ది ట్రయంఫ్ ఆఫ్ ది మూన్’ అని నా అభిప్రాయం. ఊటీలో పుట్టిన ఈ చరిత్రకారుడు బ్రిస్టల్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడు. 19వ శతాబ్దపు కవులు ప్రకృతిదేవిని కొలిచిన తీరు, ఫ్రీమేసన్లనే రహస్య సంఘంవారి దీక్షా పద్ధతులు, ఆలిస్టర్ క్రౌలీ వంటి మాంత్రికుల రచనలు, పల్లెల్లో పోయిన వస్తువుల జాడ చెప్పే మంత్రగాళ్ళ సంప్రదాయం, ఇవన్నీ కలిసి 20వ శతాబ్దంలో ఒక కొత్త మతం ఎలా తయారైందో ఆయన ఓపికగా చూపుతాడు. అందులో ఎద్దేవా లేదు, ఇంగ్లండు ప్రపంచానికి ఇచ్చిన ఏకైక మతమంటూ దాన్ని గౌరవంగానే చూస్తాడు. పెద్ద పుస్తకం, నెమ్మదిగా చదవాలి. గార్డ్‌నర్ కలిసిన బృందం నిజంగానే ఉండేదని, అయితే అదీ ఆ కాలంలో ఏర్పడిందేనని భావించేవారికి ఫిలిప్ హెసల్టన్ పరిశోధనలు తోడ్పడతాయి. స్థానిక దస్తావేజులు, పాత చిరునామాలు, వీలునామాలు వెదికి ఆయన మనుషుల్ని గుర్తుపట్టిన తీరులో అపరాధ పరిశోధన నవల రుచి కొంత ఉంది.

ఇక్కడే ఒక పుస్తకాన్ని పరీక్షించే మొదటి ఉపాయం దొరుకుతుంది. విక్కా ఎప్పటిది అన్న ప్రశ్నకు ఆ పుస్తకం ఇచ్చే జవాబు చూడాలి. ఈ మతం రాతియుగం నుంచి తెగకుండా వస్తోందని తొలి అధ్యాయంలోనే చెప్పేసి ముందుకు సాగిపోయే రచయిత, తరవాత చెప్పే పూజలూ మూలికలూ ఎక్కడి నుంచి వచ్చాయో కూడా సరిచూసుకోలేదని అనుమానించవచ్చు. ప్రాచీన ఐర్లండు పూజల్లో ఆలుగడ్డ నైవేద్యం ఉండేదని రాసినవారిని నమ్మడం, ఎండుమిరపకాయలతో దిష్టి తీయడం వేదకాలపు ఆచారమని చెప్పినవారిని నమ్మడంతో సమానం. రెండు పంటలూ అమెరికా ఖండాల నుంచి 16వ శతాబ్దంలోనూ ఆ తరవాతా వచ్చినవే. అయితే కొత్తదైనంత మాత్రాన ఒక మతం అబద్ధమైపోదు. తమది కొత్త మతమేనని నిర్మొహమాటంగా చెప్పుకునే విక్కా రచయితలు చాలామంది ఉన్నారు, మిగిలినవారి కంటే వారే ఎక్కువ చదవదగినవారు.

మరో ఉపాయం మన దగ్గరే ఉంది, అది ఇంగ్లండు పాఠకుడికి లేదు. ఈ పుస్తకాలలో కర్మ, చక్రాలు, కాళి తరచూ కనిపిస్తాయి. దివ్యజ్ఞాన సమాజం (థియోసాఫికల్ సొసైటీ) 1882లో మద్రాసులోని అడయారుకు తన కేంద్రాన్ని మార్చుకున్నాక అక్కడి నుంచి వెలువడిన గ్రంథాల ద్వారానే ఈ భావనల్లో చాలా భాగం పాశ్చాత్య గుహ్యవిద్యల్లోకి పాకింది. ఏడు చక్రాలకు ఇంద్రధనుస్సులోని ఏడు రంగులు వరుసగా అంటించడం 20వ శతాబ్దపు పాశ్చాత్యుల చేర్పు. మన తంత్ర గ్రంథాల్లోని వర్ణాలు వేరు. కాళిని ‘చీకటి దేవత’ అని ఒక్క ముక్కలో తేల్చి, అమావాస్యనాడు కోపం తీర్చుకోవడానికి ఆమెను పిలవమని సలహా ఇచ్చే అధ్యాయాన్ని, దసరా రోజుల్లో ఇక్కడి అమ్మవారి గుళ్ళు చూసిన ఎవరైనా ఇట్టే తూచగలరు. మనకు తెలిసిన విషయంలో ఇంత అజాగ్రత్తగా రాసిన మనిషి, మనకు తెలియని కెల్టిక్ దేవతల గురించి జాగ్రత్త పడి ఉంటాడని నమ్మడానికి కారణం కనిపించదు. కాబట్టి కొనబోయే పుస్తకం చివర పదసూచి ఉంటే ముందు ‘కాళి’, ‘కర్మ’ ఉన్న పుటలు తీసి చదవడం మంచిది.

చరిత్ర విషయంలో రెండో పరీక్ష ఒక అంకె. ఐరోపాలో 90 లక్షల మంది స్త్రీలను మంత్రగత్తెలని సజీవదహనం చేశారని చాలా పుస్తకాలు రాస్తాయి. ఈ లెక్క పుట్టుక విచిత్రమైనది. 18వ శతాబ్దం చివర జర్మనీలోని క్వెడ్లిన్‌బర్గ్ పట్టణానికి చెందిన వోగ్ట్ అనే రచయిత, తన ఊరి దస్తావేజుల్లో దొరికిన కొద్దిపాటి కేసులను ఐరోపా మొత్తం జనాభాకూ కొన్ని శతాబ్దాల కాలానికీ గుణించి 94,42,994 అని తేల్చాడు. ఒకట్ల స్థానం దాకా కచ్చితంగా ఉన్న ఆ సంఖ్య చూస్తేనే అనుమానం రావాలి. 1893లో అమెరికన్ స్త్రీవాది మటిల్డా జోస్లిన్ గేజ్ దాన్ని 90 లక్షలుగా తన గ్రంథంలో వాడాక అది ఆంగ్ల పాఠకుల్లో వ్యాపించింది. విచారణ పత్రాలను ప్రాంతాలవారీగా లెక్కించిన నేటి చరిత్రకారులు మరణశిక్షల సంఖ్యను 40,000 నుంచి 60,000 మధ్య చెబుతారు. బ్రయన్ లెవాక్ అంచనా సుమారు 45,000. వారిలో అధికులు స్త్రీలే గాని అందరూ కాదు, ఐస్‌లాండ్ వంటి కొన్ని చోట్ల పురుషులే ఎక్కువ. ఇంగ్లండులోనూ అమెరికాలోని సేలంలోనూ ఈ నేరానికి ఉరి వేసేవారు, దహనం చేసేవారు కాదు. 1692లో సేలంలో 19 మందిని ఉరి తీశారు, ఒక వృద్ధుణ్ణి బండరాళ్ళ బరువు కింద నలిపి చంపారు. యాభైవేల మంది అమాయకుల చావు చిన్న విషయం కాదు. దాన్ని పెద్దది చేయడానికి సున్నాలు చేర్చవలసిన అవసరం లేదు.

ఈ అంకె వల్లనే ముద్రణ సంవత్సరం చూడటం ఎంత అవసరమో తెలుస్తుంది. అమెరికన్ విక్కా రచయిత్రి స్టార్‌హాక్ 1979లో రాసిన ‘ది స్పైరల్ డాన్స్’ మొదటి ముద్రణలో 90 లక్షలన్న లెక్క ఉంది. పదేళ్ళకు, ఇరవయ్యేళ్ళకు వచ్చిన ముద్రణల్లో రచయిత్రి పాత పాఠాన్ని అలాగే ఉంచి, దాని మీద తన కొత్త వ్యాఖ్యలు చేర్చి, ఆ సంఖ్య బహుశా ఎక్కువేనని రాసింది. ఒకే రచయిత్రి తన నమ్మకాలతో తానే వాదించుకోవడం అందులో కనిపిస్తుంది కనుక, పాత ముద్రణ చవకగా దొరికినా తరవాతి ముద్రణే కొనదగినది. అదే ఏడాది వెలువడిన మార్గో ఆడ్లర్ ‘డ్రాయింగ్ డౌన్ ది మూన్’ కూడా పలుమార్లు సవరణ పొందింది. ఆడ్లర్ వృత్తిరీత్యా రేడియో విలేకరి, స్వయంగా విక్కా దీక్ష తీసుకున్న వ్యక్తి. అమెరికాలోని బృందాల దగ్గరికి వెళ్ళి, వారు చెప్పినది విని, తాను అంగీకరించని చోట అంగీకరించనని రాసింది. ఈ మతాన్ని ఆచరించే ఉద్దేశం లేకుండా అందులో మనుషులు ఏం వెతుక్కుంటున్నారో తెలుసుకోవాలనుకునేవారికి ఒక్క పుస్తకం చెప్పమంటే నేను దీన్నే చెబుతాను.

ఆచరణ గ్రంథాల సంగతి కొంచెం భిన్నం. గార్డ్‌నర్ పుస్తకాలు మూలపత్రాలుగా విలువైనవే గాని, వచనం చిందరవందరగా ఉంటుంది. వాటికి ముందు డొరీన్ వాలియెంటే 1989లో రాసిన ‘ది రీబర్త్ ఆఫ్ విచ్‌క్రాఫ్ట్’ చదివితే అయోమయం చాలా తగ్గుతుంది. 1953లో గార్డ్‌నర్ దగ్గర దీక్ష తీసుకున్న ఈమె, ప్రాచీనమని ఆయన చూపించిన పూజాపాఠంలో క్రౌలీ వాక్యాలను గుర్తుపట్టి నిలదీసింది. అంతకంటే బాగా రాయగలిగితే నువ్వే రాయమని ఆయన ఆ పని ఆమెకే అప్పగించాడు. ఈనాడు విక్కా పూజల్లో అత్యంత సుందరమైనదిగా భావించే దేవీవచనం ఆమె కలం నుంచి వచ్చిందే. మరికొన్నాళ్ళకు, పత్రికల్లో ప్రచారం వద్దని బృందసభ్యులు ఆయన మీద ఒత్తిడి తెచ్చినప్పుడు, ఆయన ఉన్నట్టుండి ‘పురాతన శాసనాలు’ కొన్ని బయటికి తీశాడు. ప్రధాన పూజారిణి వయసు మీరాక చిన్నదానికి చోటిచ్చి తప్పుకోవాలన్న నియమం వాటిలో ఉండటం చూసి, అవి అప్పటికప్పుడు అల్లినవని గ్రహించి ఆమె బయటికి నడిచింది. ఇంత తెలిసీ ఆ మతాన్ని వదలని మనిషి రాసిన పుస్తకం గనుకనే దానికి అంత బరువు ఉంది.

రేమండ్ బక్లాండ్ 1986లో పాఠ్యపుస్తకంలా అధ్యాయాలూ అభ్యాసప్రశ్నలతో రాసిన నీలిరంగు గ్రంథం, స్కాట్ కనింగ్‌హామ్ 1988లో ఒంటరిగా ఆచరించేవారి కోసం రాసిన చిన్న పుస్తకం, ఈ రెండూ దుకాణాల్లో సులభంగా దొరుకుతాయి. గురువు దీక్ష ఇవ్వనిదే విక్కా లేదనే సంప్రదాయవాదులకు కనింగ్‌హామ్ పద్ధతి నచ్చదు. బయటి పాఠకుడికి మాత్రం ఆ పుస్తకంలో సరళత, వినయం కనిపిస్తాయి. స్టూవర్ట్, జానెట్ ఫరార్ దంపతుల గ్రంథాలు పూజావిధానం మొత్తం ఎలా ఉంటుందో వివరంగా తెలుసుకోవాలనుకునేవారికి తగినవి.

ఈ పుస్తకాలను విశాఖలో చదివేటప్పుడు ఎదురయ్యే చిక్కు ఒకటుంది. విక్కా పండుగల చక్రం మొత్తం ఇంగ్లండు రుతువుల మీద నిలిచింది. లండనులో జూన్ చివర పగలు 16 గంటలు దాటి, డిసెంబరు చివర 8 గంటలలోపుకు పడిపోతుంది. ఎండ కోసం మనిషి తపించి, దాని రాకను పండుగ చేసుకోవడం అక్కడ ఎందుకో ఎవరికీ వివరించనక్కర్లేదు. విశాఖలో ఆ తేడా రెండు గంటల పైచిలుకు మాత్రమే, ఎండ కోసం ఇక్కడెవరూ ప్రార్థించరు. ఆగస్టు 1న అక్కడ గోధుమ కోతల పండుగ, అదే సమయానికి మన జిల్లాల్లో వరినాట్లు పడుతుంటాయి. అక్టోబరు 31న అక్కడ పంటలన్నీ ఇంటికి చేరి, చలి మొదలై, చనిపోయినవారిని తలచుకునే రాత్రి. ఇక్కడ అది తుపానుల కాలం, 2014లో హుద్‌హుద్ ఈ నగరాన్ని తాకింది అక్టోబరు 12న. ఏ పండుగ ఎందుకు ఆ తేదీన వచ్చిందో చెప్పి, వేరే ప్రాంతంవారు దాన్ని ఎలా ఆలోచించాలో కూడా చర్చించే పుస్తకం మంచి పుస్తకం. తేదీ, కొవ్వొత్తి రంగు, చదవవలసిన నాలుగు పాదాలు ఇచ్చి ఊరుకునే పుస్తకం ఇంగ్లండులోనైనా పనికిరాదు. నిజానికి ఆ ఎనిమిది పండుగలు కూడా ఒకే ప్రాచీన పంచాంగంలోవి కావు. గార్డ్‌నర్ కాలంలో రెండు వరుసలను కలిపి ఎనిమిదిగా చేశారు, వాటిలో కొన్నింటికి ఇప్పుడు వాడుకలో ఉన్న పేర్లు 1970లలో అమెరికాలో పెట్టినవి.

మూలికల అధ్యాయాన్ని మాత్రం కాస్త అనుమానంతోనే చదవాలి. మంత్రగత్తెలు ఒంటికి పూసుకుని ఎగిరేవారని చెప్పే లేపనాల వంటకాల్లో బెల్లడోనా, వసనాభి, ఉమ్మెత్త జాతి మొక్కలు ఉంటాయి. ఇవి ప్రాణాంతకమైనవి. ఉమ్మెత్త మన ఖాళీస్థలాల్లో, గన్నేరు మన రహదారుల మధ్య పెరుగుతున్నవే గనుక ఈ హెచ్చరిక ఊరికే చేస్తున్నది కాదు. మొక్క శాస్త్రీయనామం ఇవ్వకుండా, మోతాదూ ప్రమాదమూ చెప్పకుండా కషాయం తాగమని సలహా ఇచ్చే పుస్తకాన్ని ఆ పుట దగ్గరే మూసేయవచ్చు. జబ్బుకు వైద్యుణ్ణి మానుకుని మంత్రం పట్టుకోమనేది ఎవరు రాసినా అంతే.

ఇప్పుడు మూడో రకానికి, అంటే మానవశాస్త్రానికి వస్తే, మన ప్రాంతానికి అన్నిటికంటే అవసరమైనది ఇదే. ఇవాన్స్-ప్రిచర్డ్ 1937లో ప్రచురించిన అజాండే ప్రజల అధ్యయనం ఈ రంగానికి పునాది. దక్షిణ సూడాను ప్రాంతంలోని అజాండేలు ధాన్యపు గాదె నీడలో కూర్చుంటారు. చెదలు తిన్న గుంజలు విరిగి గాదె కూలి ఎవరైనా గాయపడితే, చెదల సంగతి వారికి తెలియక కాదు, సరిగ్గా ఈ మనిషి కూర్చున్న క్షణంలోనే ఎందుకు కూలిందన్న ప్రశ్నకు వారు చెప్పుకునే జవాబు ఎవరిలోనో ఉన్న చెడు చేసే శక్తి. తర్కం లేనివారు నమ్మే మూఢత్వం అన్న సులువైన మాటను ఈ ఒక్క ఉదాహరణ కదిలించేస్తుంది. ఒక ఇంట్లో పిల్లవాడు జ్వరంతో పోతే, దోమ కుట్టిందని ఒప్పుకుంటూనే, మా ఇంటికే ఎందుకు వచ్చిందని అడిగే మనిషి పాడేరు కొండల్లోనే కాదు, గాజువాక అపార్టుమెంట్లలోనూ ఉంటాడు. ఆ ప్రశ్నకు జవాబుగా ఒక పొరుగింటి వృద్ధురాలి పేరు వినబడటమే అసలు ప్రమాదం.

2022లో అల్లూరి సీతారామరాజు జిల్లాగా విడిపోయిన మన్యంలో చిల్లంగి నెపంతో దాడులు, హత్యలు జరిగిన వార్తలు విశాఖ పత్రికలకు కొత్త కాదు. జాతీయ నేర గణాంకాల నివేదికలో హత్యల కారణాల మధ్య మంత్రవిద్య పేరుతో ఒక వరుస ఏటా ఉంటుంది. మంత్రగత్తె ముద్ర వేసి హింసించడాన్ని నిషేధిస్తూ బిహార్ 1999లో, ఝార్ఖండ్ 2001లో, మనకు పొరుగున ఉన్న ఛత్తీస్‌గఢ్ 2005లో, ఒడిశా 2013లో ప్రత్యేక చట్టాలు చేశాయి. తేయాకు తోటల వలస కూలీల మధ్య ఈ ఆరోపణలు ఎలా పుడతాయో సోమా చౌధురి 2013లో రాసిన పుస్తకం చూపుతుంది. భూమి తగాదాలు, అప్పులు, యాజమాన్యం మీది కోపం, అన్నీ చివరికి ఏ అండా లేని ఆడదాని మీదికి మళ్ళే తీరు అందులో ఉంది. శ్రీకాకుళం సరిహద్దుల దాకా ఉన్న సవరల గురించి వెరియర్ ఎల్విన్ 1955లో, ఆ తరవాత పియర్స్ విటెబ్‌స్కీ రాసిన గ్రంథాలు ఇంకొక మెలకువ నేర్పుతాయి. చనిపోయినవారితో మాట్లాడే సవర కుడాన్‌ను మంత్రగాడనే గంపలో పడేస్తే ఆ సమాజంలో దుఃఖం ఎలా తీరుతుందో మనకు అర్థం కాదు.

విక్కా పుస్తకాలు తరచూ దారితప్పే చోటు కూడా ఇదే. ఉరికంబం ఎక్కిన ఐరోపా స్త్రీలందరినీ తమ పూర్వికులుగా, రహస్య వైద్యురాళ్ళుగా చెప్పుకుని, ఆ పేరును గర్వంగా ధరించే రచయితలు, ఆ స్త్రీల మీద ఆ ముద్ర వేసింది ఇతరులన్న సంగతి మరిచిపోతారు. తనకు తానుగా ఆ పేరు ఎంచుకునే నగరవాసికీ, ఊరు కలిసి ఆ పేరు నెత్తిన వేసిన మనిషికీ మధ్య దూరాన్ని గుర్తించిన పుస్తకమే నా దృష్టిలో నమ్మదగినది. మన దేశంలో తనను తాను విచ్‌గా బహిరంగంగా ప్రకటించుకున్న ఇప్సితా రాయ్ చక్రవర్తి 2000లో ప్రచురించిన ఆత్మకథ ‘బిలవ్డ్ విచ్’ ఈ కోణంలో ఆసక్తికరమైనది. బెంగాలు పల్లెల్లో మంత్రగత్తె ముద్ర పడిన స్త్రీల పక్షాన ఆమె మాట్లాడింది. అయితే అందులోని అద్భుతాలను ఆత్మకథలోని మాటలుగానే తీసుకోవాలి, వాటిని చరిత్రకు ఆధారం చేసుకోకూడదు.

నాలుగో రకం గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. వశీకరణం, శత్రునాశనం, గుప్తధనం అంటూ పేవ్‌మెంట్ల మీద దొరికే తెలుగు పుస్తకాలకూ, వారంలో ప్రేమ, నెలలో ఉద్యోగం అని అట్ట మీద అచ్చువేసే ఆంగ్ల పుస్తకాలకూ కాగితం నాణ్యతలోనే తేడా. మంత్రంతో జబ్బులు నయమవుతాయనే ప్రకటనలను నిషేధిస్తూ మన దేశం 1954లోనే చట్టం చేసింది. గార్డ్‌నర్ పుస్తకం వెలువడిన సంవత్సరం కూడా అదే కావడం యాదృచ్ఛికమే.

ఈ పుస్తకాలు చదవడానికి అన్నీ కొనవలసిన పని లేదు. చరిత్ర, మానవశాస్త్ర గ్రంథాల కోసం వెతకవలసిన మొదటి చోటు ఆంధ్ర విశ్వకళాపరిషత్తులోని డాక్టర్ వి.ఎస్.కృష్ణా గ్రంథాలయం. మానవశాస్త్రం ఆ విశ్వవిద్యాలయంలో ఎన్నో ఏళ్ళుగా బోధిస్తున్న శాస్త్రం, విద్యార్థులు కానివారు చదువుకోవడానికి అనుమతి ఎలా అన్నది అక్కడే అడగవచ్చు. ద్వారకానగర్‌లోని పౌర గ్రంథాలయంలో కూర్చుని చదివే వీలుంది. ఆన్‌లైన్‌లో కొనేవారు రెండు విషయాలు గమనించాలి. రచయిత పేరు మీద వెతికితే ఇంకే వివరమూ దొరకక, నెలకొక పుస్తకం వెలువరిస్తున్నట్టు కనిపించే ‘రచయితలు’ ఈ విభాగంలో పెరిగిపోయారు. అవి యంత్రం అల్లిన మాటలు కావచ్చు, మూలికల విషయంలో అవి మరీ ప్రమాదం. రెండోది, మన కాపీరైటు చట్టం ప్రకారం రచయిత మరణించిన మరుసటి సంవత్సరం నుంచి 60 ఏళ్ళకు హక్కులు ముగుస్తాయి. 1963లో పోయిన మర్రే రచనలు 2024 జనవరి నుంచి, 1964లో పోయిన గార్డ్‌నర్ రచనలు 2025 జనవరి నుంచి భారతదేశంలో అందరి సొత్తు. వాటిని వివరణలూ ముందుమాటా ఏవీ లేకుండా అడిగినప్పుడల్లా అచ్చువేసి ఎక్కువ ధరకు అమ్మే సంస్థల దగ్గర కొనడం కంటే, ఉచిత ప్రతినే తెరమీద చదివి, ఆ డబ్బు పెట్టి హటన్ పుస్తకమో వాలియెంటే పుస్తకమో తెప్పించుకోవడం మేలు.